అత్తగారి జబ్బు గురించి ఆన్‌లైన్ స్నేహితురాళ్ళతో చెప్పుకుంటే ఇంటి గుట్టు బయటపెట్టినట్టేనా?

అమ్మా, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మీ అత్తగారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని తేలి మూడేళ్ళయిందని, ఆవిడ ఒకప్పుడు మీ ఊరి హైస్కూలులో తెలుగు టీచరుగా పనిచేశారని, పగలూ రాత్రీ ఆవిడను చూసుకునేది మీరొక్కరేనని రాశారు. మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో పరిచయమైన నలుగురు స్నేహితురాళ్ళు, మీరు కలిసి విడిగా ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నారని, వాళ్ళలో ఒక్కరిని కూడా నేరుగా చూడకపోయినా రోజూ జరిగేవన్నీ వాళ్ళకే చెప్పుకుంటున్నారని అన్నారు. ఈ మధ్య మీవారు ఆ మెసేజీలు చూసి "మా అమ్మ సంగతులు ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెబుతావా" అని నొచ్చుకున్నారు. మీ ఆడపడుచు ఫోన్ చేసి ఇంకాస్త గట్టిగానే మాట్లాడారు. దానికి తోడు, కొన్ని రాత్రులు గంటసేపు మాట్లాడుకున్నాక మనసు తేలికపడకపోగా మరింత బరువెక్కుతోందని కూడా రాసి, ఇదంతా మానేయాలా అని అడిగారు.

మానవద్దని ముందుగానే చెబుతున్నాను. ఇలా చెప్పడానికి నాకున్న అర్హత అనుభవం మాత్రమే. మా అమ్మగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాను. ఆ తరువాత నుంచి, ఇటువంటి పెద్దలను చూసుకునే కుటుంబసభ్యుల కోసం నడిచే ఒక తెలుగు గ్రూపు బాధ్యతను చూస్తున్నాను. మీరు రాసినది మా గ్రూపులో చేరే కోడళ్ళు, కూతుళ్ళు, అప్పుడప్పుడూ కొడుకులు ఏదో ఒక రూపంలో చెప్పేదే. అయితే మీవారి అభ్యంతరంలో సగం న్యాయం ఉంది. మీ మనసు బరువెక్కడానికీ ఒక కారణం ఉంది. ఈ రెండింటినీ పట్టించుకుంటే ఆ స్నేహం మీకు చాలాకాలం ఆసరాగా నిలుస్తుంది.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ఒకటి చెబుతోంది. అంటే మీ ఊళ్ళోనే ఇటువంటి ఇళ్ళు మరికొన్ని తప్పకుండా ఉంటాయి. అయినా ఒక ఇంటి సంగతి మరొక ఇంటికి తెలియదు. ఇరుగుపొరుగు దీన్ని జబ్బుగా కాక చాదస్తంగా చూస్తారు. "వయసు మీద పడింది కదమ్మా, నువ్వే సర్దుకుపోవాలి" అన్న మాటతో సంభాషణ ముగిసిపోతుంది. పైగా ఈ జబ్బు తొలి, మధ్య దశల్లో ఉన్నవారు చుట్టపుచూపుగా వచ్చినవారి ఎదుట పావుగంటసేపు ఎంతో చక్కగా, మర్యాదగా మాట్లాడగలరు. ముఖ్యంగా టీచరుగా పనిచేసిన మనిషికి నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఏళ్ళ తరబడి అలవాటైన పని కాబట్టి అది అంత తొందరగా పోదు. వచ్చినవారు "ఆవిడ బాగానే ఉన్నారే" అని వెళ్ళిపోతారు, తలుపు వేయగానే మీకు మళ్ళీ మొదలవుతుంది. ఉదయం పూట వీడియో కాల్‌లో తల్లిని చూసే మీ ఆడపడుచుకు కూడా కనిపించేది ఆ పావుగంటే. మీరు చెప్పినదాన్ని ఆమె నమ్మకపోవడంలో చెడ్డతనం ఉండనక్కరలేదు, ఆమె చూడవలసిన వేళ చూడటం లేదు, అంతే.

అందుకే మీ నలుగురు స్నేహితురాళ్ళు మీకు అంత దగ్గరయ్యారు. మీరు ఉన్నది ఉన్నట్టు చెబితే వాళ్ళు నమ్మారు. వాళ్ళకు మీ ఇంటి ఆస్తిలో వాటా లేదు, రేపు పెళ్ళిలో ఎదురుపడినప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాలన్న ఇబ్బందీ లేదు. మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ఒక వ్యాసంలో, మనకు కొత్త సమాచారం, కొత్త దారులు ఎక్కువగా అంతంతమాత్రపు పరిచయస్తుల నుంచే వస్తాయని వాదించాడు. మన దగ్గరివారికి తెలిసింది చాలావరకు మనకూ తెలిసినదే, దూరపు పరిచయస్తులు మరో లోకంలో మసలుతారు కాబట్టి మనకు తెలియనిది వాళ్ళకు తెలిసి ఉంటుంది అన్నది ఆయన వివరణ. ఆయన ముఖ్యంగా ఉద్యోగాలు దొరకడం గురించి రాసినా, రోగులను చూసుకునే ఇళ్ళలో కూడా ఇదే జరగడం నేను చూస్తున్నాను. మీ స్నేహితురాళ్ళలో ఒకరు డల్లాస్‌లో ఉంటారని రాశారు కదా. మీకు తెల్లవారుజామున రెండు గంటలయినప్పుడు అక్కడ మధ్యాహ్నమే. ఇంట్లో అందరూ నిద్రపోతుండగా అత్తగారు మూడోసారి లేచి తలుపు గడియ తీయబోయిన వేళ, మెలకువగా ఉండి జవాబిచ్చే మనిషి ఒకరుండటం చిన్న విషయమేమీ కాదు.

ఇక మీవారి మాట. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న మాట వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి ఇటువంటి సందర్భంలో భర్తకు కోపం రావడం సహజం. ఆ కోపంలో నాకు రెండు వేరువేరు సంగతులు కనిపిస్తున్నాయి. మొదటిది, ఇంట్లో కష్టం ఉందని బయటికి తెలియకూడదన్న పట్టుదల. దీన్ని మీరు ఒప్పుకోనక్కరలేదు. మీ నడుము నొప్పి, మీ నిద్రలేమి, మీ విసుగు, ఆ విసుగు తరువాత కలిగే అపరాధభావం మీవి. వాటిని ఎవరికి చెప్పుకోవాలన్నది నిర్ణయించుకునే హక్కు మీదే. రెండవది, తన తల్లి పరువు నలుగురిలో పలచనవుతుందేమోనన్న భయం. ఇది న్యాయమైన భయం. ఆవిడ తన గురించి ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో ఈరోజు మీకు చెప్పగల స్థితిలో లేరు. ఆ హక్కును ఆవిడ తరఫున కాపాడవలసింది మీరే.

కాబట్టి రాసేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. మీకు జరిగినది, మీరు చేసినది, మీకు అనిపించినది ఎంతైనా రాయండి. ఆవిడ శరీరానికి సంబంధించిన సంగతులు సలహా కోసం అవసరమైనంత మేరకే, పేరు లేకుండా రాయండి. "రాత్రి పక్క తడుస్తోంది, రబ్బరు షీటు వేస్తే చిరాకుపడి లాగేస్తున్నారు, మీరు ఏం వాడుతున్నారు" అని అడగడంలో తప్పులేదు. అదే సంగతిని నవ్వుకోవడానికో, కసి తీర్చుకోవడానికో రాస్తే అది వేరే అవుతుంది. ఫొటోలు, వీడియోలు మాత్రం ఎంత దగ్గరి గ్రూపులోనూ పెట్టవద్దు. ఆవిడ గందరగోళంలో మాట్లాడిన మాటలను రికార్డు చేసి పంపడం కూడా అంతే. వైద్యుడికి చూపించడానికి అప్పుడప్పుడు వీడియో అవసరమవుతుంది, అది వైద్యుడికి చూపించాక తీసివేయండి.

ఇందులో మీకూ ఒక ప్రమాదం ఉంది, ఒక ఉదాహరణతో చెబుతాను. ఈ జబ్బు ఉన్నవారు తాము ఎక్కడో దాచిన వస్తువును మరిచిపోయి, దగ్గరున్న మనిషి దొంగిలించిందని నమ్మడం తరచుగా జరుగుతుంది. "మా అత్తగారు నా గొలుసు నువ్వే తీశావని అంటున్నారు, ఏడుపొస్తోంది" అని మీరు గ్రూపులో రాశారనుకోండి. ఆ నలుగురికీ అది జబ్బు లక్షణమని తెలుసు. ఆ మెసేజీ స్క్రీన్‌షాట్‌గా మారి, ముందూ వెనకా లేకుండా మీ బంధువుల గ్రూపులోకి చేరితే, చదివినవారికి కనిపించేది గొలుసు, మీ పేరు మాత్రమే. మాయమయ్యే మెసేజీల సదుపాయాన్ని 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పెట్టుకోవచ్చు, పెట్టుకోండి కూడా. కానీ ఆ లోపల ఎవరైనా తెరను ఫొటో తీసుకుంటే అది ఆపలేదు. అందువల్ల డబ్బు, నగలు, ఆస్తి కాగితాలు, పెన్షన్ ఖాతా, మీరు ఇంట్లో లేని వేళలు, ఈ ఐదింటి ప్రస్తావన గ్రూపులో ఉండకూడదన్నది మా గ్రూపులో మేము పాటించే నియమం. గొలుసు సంగతి చెప్పుకోక తప్పనంత బాధగా ఉంటే, ఆ నలుగురిలో మీరు బాగా నమ్మే ఒకరికి ఫోన్ చేసి నోటితో చెప్పండి.

మనసు బరువెక్కడం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే. బాధను మాటల్లో పెట్టడం వల్ల ఏమవుతుందో పరిశీలించినవారిలో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పేరు ముందు వస్తుంది. 1986లో ఆయన, శాండ్రా బీల్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. తమ జీవితంలోని పెద్ద గాయం గురించి, జరిగిన సంగతినీ దాని వెనుక తమ మనోభావాలనూ కలిపి రాసినవారు, రాసిన వెంటనే మరింత దిగులుగా కనిపించారు. అయినా తరువాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం మిగతావారికంటే తగ్గింది. కాబట్టి చెప్పుకున్న వెంటనే కళ్ళు చెమర్చడం, కాసేపు దిగులుగా అనిపించడం వాటంతట అవే చెడ్డ సూచనలు కావు. అయితే 2002లో అమాండా రోజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బడిపిల్లల స్నేహాలను పరిశీలించి మరో కోణాన్ని చూపించారు. ఒకే సమస్యను స్నేహితులిద్దరూ కలిసి పదే పదే తవ్వుకుంటూ ఉంటే వాళ్ళ మధ్య చనువు పెరుగుతుంది, దానితోపాటే దిగులూ ఆందోళనా పెరుగుతాయి అన్నది ఆమె గమనించిన సంగతి. అది పిల్లల మీద చేసిన పరిశీలనే అయినా, మా గ్రూపులో పెద్దవాళ్ళ విషయంలోనూ అదే తీరు కనిపిస్తుంటుంది. బాగా కలిసిపోయిన ఇద్దరు ముగ్గురు రాత్రి పదకొండు గంటలకు మొదలుపెట్టి, ఒకరి తరువాత ఒకరు తమ తమ కష్టాలు ఏకరువు పెట్టుకుని, ఒంటిగంటకు మరింత నీరసించి పడుకుంటారు. చనువు నిజమే, నీరసమూ నిజమే.

తేడా చాలావరకు మనం రాసే తీరులో ఉంటుంది. మీరు నమూనాగా ఇచ్చిన మెసేజీ చూడండి: "ఈరోజు కూడా అదే నరకం. నా బతుకింతే." దీనికి మీ స్నేహితురాళ్ళు ఏం జవాబివ్వగలరు? ఒకరు "అయ్యో" అంటారు, ఒకరు దండం బొమ్మ పెడతారు, ఒకరు తమ ఇంట్లో జరిగిన మరో నరకం చెబుతారు. ఎవరి తప్పూ లేదు, మీరు వాళ్ళ చేతికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు.

మా గ్రూపులో ఒక సాయంత్రం వచ్చిన మెసేజీ ఇది. తూర్పు గోదావరి వైపు నుంచి ఒక కోడలు రాశారు: "నాలుగింటి నుంచి మా అత్తగారు చీరలు మూటగట్టుకుని, నా చెప్పులేవి, మా నాన్న బండి కట్టించి ఉంటాడు, చీకటి పడితే ఏరు దాటలేం అంటున్నారు. ఇదే మీ ఇల్లు అత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. ఇప్పుడు చెయ్యి ఎత్తారు. ఏం చేయమంటారు?" పది నిమిషాలు తిరగకుండానే, తన తండ్రిని చూసుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి కరీంనగర్ నుంచి జవాబిచ్చారు: "ఇదే మీ ఇల్లు అని ఇంక చెప్పకండి. చెప్పులు మీరే తొడగండి. మూట మీరు పట్టుకుని గేటు దాకా నడిపించండి. ఏ ఊరు వెళ్ళాలి, ఏరు దాటాక ఎవరిల్లు వస్తుంది అని అడుగుతూ నడవండి. వెనక్కి తిరిగాక, కాఫీ తాగి బయలుదేరదాం అనండి." ఆ తరువాత ఆమె నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. రాత్రి భోజనాల వేళకు రెండు వాక్యాలు వచ్చాయి: "కాఫీ తాగారు. మూట తల కింద పెట్టుకుని పడుకున్నారు."

ఏ ఆసుపత్రిలోనూ ఆ వేళకు ఆ జవాబు దొరికేది కాదు. పొద్దు వాలే వేళ ఈ జబ్బు ఉన్నవారిలో అలజడి పెరగడం సాధారణమని వైద్యులు చెబుతారు, పుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ చెప్పులు తొడిగి గేటు దాకా వెళ్ళి రమ్మని చెప్పగలిగేది ఆ సాయంత్రాలు గడిపిన మనిషే. ఆ కోడలి మెసేజీలో ఏమున్నాయో గమనించండి. ఎప్పుడు మొదలైందో ఉంది, ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి, తాను అప్పటికే ఏం చేసి చూశారో ఉంది, చివర ఒక ప్రశ్న ఉంది. అత్తగారి పేరు లేదు, ఊరు లేదు, ఫొటో లేదు. ఆ అత్తగారిని ఆ మెసేజీ ఎక్కడా చులకన చేయలేదు. చదివినవారికి ఆవిడ మీద జాలి కంటే ప్రేమే కలిగింది, తండ్రి ఎదురుచూస్తున్నాడని తొందరపడే ఆడపిల్ల ఆవిడలో కనిపించింది.

ప్రతిరోజూ సలహాయే అడగాలని కాదు. కొన్ని రోజులు మనిషికి కావలసింది వినేవారు మాత్రమే. అప్పుడు ఆ మాటే ముందుగా రాయండి: "సలహాలు వద్దు, ఈ ఒక్క పూట వినండి చాలు." ఇలా చెప్పకపోవడం వల్లనే చాలా గ్రూపుల్లో మనస్పర్థలు వస్తాయి. మనం ఓదార్పు కోసం రాస్తే అవతలివారు కషాయాల జాబితా పంపుతారు, మనకు కోపం వస్తుంది, ఆ కోపం ఎందుకో వాళ్ళకు అర్థం కాదు. అలాగే రాత్రి మాటలకు ఒక సమయం పెట్టుకోండి. అరగంట చాలు. మీ స్నేహం మొదలైంది మిద్దె తోటలతో కదా, అది ఇప్పుడు ఏమైంది? ఆ చిన్న గ్రూపులో ఆఖరిసారిగా వంగ నారు గురించో, పిండినల్లికి ఏం కొట్టాలన్న దాని గురించో ఎప్పుడు మాట్లాడుకున్నారో వెనక్కి వెళ్ళి చూడండి. కష్టం ఒక్కటే కలిపి ఉంచే స్నేహం ఆ కష్టం ముదిరినప్పుడు తట్టుకోలేదు. రోజూ ఒక కుండీ ఫొటో పెట్టుకోవడం ఆ అరగంటలో భాగం చేసుకోండి, దాన్ని కాలక్షేపంగా తీసిపారేయవద్దు.

మరొక సంగతి కొంచెం సూటిగా అంటున్నాను, నొచ్చుకోవద్దు. మీరు ఇంత వివరంగా రాసిన ప్రశ్నలో మిగతా నలుగురి కష్టాల గురించి ఒక్క ముక్క కూడా లేదు. అలసట మనిషిని అలా చేస్తుంది, అది నాకు తెలుసు. అయినా వాళ్ళ ఇళ్ళలోనూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. వారంలో ఒక రోజు మీ సంగతి ఏమీ రాయకుండా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. జవాబు రాసే ఓపిక లేని రోజున "చదివాను, రేపు రాస్తాను" అన్న రెండు ముక్కలు చాలు. మనం ఇంకొకరికి ఉపయోగపడ్డామన్న భావన, రోజంతా ఎవరూ మెచ్చుకోని పని చేసే మనిషికి ఎంత బలమిస్తుందో మా గ్రూపులో చూస్తూనే ఉన్నాను. పై సంఘటనలో జవాబిచ్చిన ఆ బ్యాంకు ఉద్యోగి తండ్రి అప్పటికే చనిపోయారు. ఆయన గ్రూపు వదిలి వెళ్ళకపోవడానికి కారణం కూడా ఇదే.

స్నేహితులు తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. మందుల విషయంలో వాళ్ళ మాట వినవద్దు. "మా మామగారికి ఈ నిద్ర మాత్ర బాగా పనిచేసింది" అని ప్రేమతోనే చెబుతారు, కానీ ఈ వయసులో నిద్ర మాత్రల వల్ల అయోమయం పెరగవచ్చు, రాత్రి లేచినప్పుడు తూలి పడి తుంటి ఎముక విరగవచ్చు. అలాగే మీ అత్తగారి తీరు ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మారిపోతే, అంటే లేనివి కనబడుతున్నాయనడం, పగలంతా మగతగా ఉండటం, ఎన్నడూ లేనంతగా తిరగబడటం వంటివి మొదలైతే, దాన్ని గ్రూపులో చర్చించకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. పెద్ద వయసు ఆడవారిలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం కూడా లేకుండా ఇలాగే బయటపడుతుంది. మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, చెప్పుకోలేని నొప్పి కూడా ఇటువంటి మార్పు తేగలవు. వీటికి చికిత్స ఉంది, "జబ్బు ముదిరింది" అని సరిపెట్టుకుంటే ఆ చికిత్స అందదు. జబ్బు గురించి సరైన సమాచారానికి, 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది, దానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. వృద్ధుల సంరక్షణకు సంబంధించిన ఇతర సందేహాలకు ప్రభుత్వ ఎల్డర్ లైన్ 14567.

మీ గురించి ఒక మాట అడగాలి. కొన్ని రాత్రులు ఇదంతా ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తోందని రాశారు. అలా అనిపించడం పాపం కాదు, ఈ పని చేసిన దాదాపు ప్రతివారికీ ఏదో ఒక రాత్రి అనిపించినదే. కానీ ఆ ఆలోచన మీ ప్రాణం మీదకో, ఆవిడ మీద చెయ్యి చేసుకోవడం మీదకో మళ్ళుతున్నట్టు తోస్తే, వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఇష్టంగా పెంచిన మొక్కలకు నీళ్ళు పోయాలని కూడా అనిపించకపోతే, ఆ బరువు స్నేహితురాళ్ళ మీద పెట్టవద్దు. వాళ్ళు ఎంత మంచివారైనా ఆ పనికి శిక్షణ పొందినవారు కారు, దూరాన ఉండి వాళ్ళూ భయపడిపోతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును ఈరోజే ఫోన్‌లో దాచుకోండి.

డబ్బు గురించి క్లుప్తంగా. ఎప్పుడూ చూడని స్నేహితురాలి నంబరు నుంచి హఠాత్తుగా అప్పు అడుగుతూ మెసేజీ వస్తే, ముందు వీడియో కాల్ చేసి మనిషిని చూసి మాట్లాడండి. వాళ్ళ ఫోన్ ఎవరి చేతిలోనైనా పడి ఉండవచ్చు. మోసపోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు మళ్ళీ మీ ఇంటికి వద్దాం. ఆ నలుగురూ మీ కన్నీళ్ళు తుడవగలరు గానీ అర్ధరాత్రి వచ్చి అత్తగారికి పక్క మార్చలేరు. అది చేయవలసింది ఇంట్లో ఉన్న మనిషే. మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైనదేమంటే, గ్రూపులో ఎంతో స్పష్టంగా చెప్పగలుగుతున్న సంగతులను మీరు మీవారికి ఒక్కసారి కూడా ఆ స్పష్టతతో చెప్పలేదు. "మీకేం తెలుసు నా బాధ" అన్నారు, అంతే. ఆయన వైపు నుంచి చూస్తే, ఆయన తల్లి కళ్ళముందే తనను గుర్తుపట్టలేని మనిషిగా మారుతోంది, ఆ దుఃఖం చెప్పుకోవడానికి ఆయనకు నలుగురు కాదు కదా ఒక్క స్నేహితుడు కూడా లేకపోవచ్చు. మన ఇళ్ళలో మగవాళ్ళు ఆఫీసు సంగతులు మాట్లాడుకుంటారు, రాజకీయాలు మాట్లాడుకుంటారు, "మా అమ్మ నన్ను ఎవరు బాబూ నువ్వు అని అడిగింది" అని మాత్రం చెప్పుకోరు. మెసేజీలు చూసినప్పుడు ఆయనకు కలిగిన బాధలో, తనతో చెప్పవలసినది ఇంకెవరితోనో చెప్పుకున్నారన్న నొప్పి కూడా ఉండి ఉంటుంది.

కాబట్టి పైన చెప్పిన హద్దులు పాటిస్తానని మీరే ముందుగా ఆయనకు మాటివ్వండి. ఫొటోలు, నగల ప్రస్తావన ఉన్న పాత మెసేజీలను తీసివేసి, మిగతావి ఆయన ముందు తెరిచి పెట్టి చదవమనండి. ఆ తరువాత మీకు కావలసినదాన్ని వేళతో సహా అడగండి. "నాకు సాయం చేయండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా అత్తయ్య దగ్గర మీరు కూర్చోండి, ఆ రెండు గంటలూ నేను పక్క గదిలో తలుపు వేసుకుని పడుకుంటాను. ఆదివారం ఉదయం స్నానం చేయించేటప్పుడు పట్టుకోవడానికి మీరుండాలి" అని చెప్పండి. ఇలా చెప్పవలసిన మాటలను ముందుగా ఆ స్నేహితురాళ్ళకు పంపి, ఎక్కడైనా నిష్ఠూరం ధ్వనిస్తోందేమో చూడమని అడగండి. వాళ్ళ సాయం అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడేనని నా అభిప్రాయం. మా గ్రూపులో భర్తకో, అన్నకో, చెల్లెలికో పంపబోయే మెసేజీని ముందు అందరికీ చూపించి దిద్దించుకోవడం ఒక అలవాటుగా మారింది, దాని వల్ల నిలిచిన కాపురాలు, తిరిగి కలిసిన అన్నాచెల్లెళ్ళు ఉన్నారు.

ఆడపడుచుతో వాదన పెట్టుకోవద్దు. ఉదయం కాల్ కాకుండా, ఒక వారంపాటు సాయంత్రం ఐదు గంటలకు చేయమనండి. ఫోన్ అత్తగారి ఎదురుగా పెట్టి మీరు పక్కకు తప్పుకుని, తల్లితో ఆమెనే మాట్లాడనివ్వండి. ఆ వారం గడిచాక ఎవరూ ఎవరికీ ఏమీ వివరించనక్కరలేదు. అప్పుడు అడగండి, వేసవి సెలవుల్లో పది రోజులు వచ్చి ఉండమని. అత్తగారిని ఆమె ఇంటికి పంపడం కంటే ఇదే మేలు, చోటు మారితే ఈ జబ్బు ఉన్నవారికి అయోమయం బాగా పెరుగుతుంది, బాత్‌రూమ్ ఎటు ఉందో తెలియక పడిపోతారు. ఆమె వచ్చిన మొదటి రెండు రోజులు మీరూ ఇంట్లోనే ఉండి మందుల వేళలు, సాయంత్రపు నడక, తినిపించే తీరు చూపించండి. మిగతా రోజులు మీ పుట్టింటికి వెళ్ళి నిద్రపోండి.